తెల్లవారుజామున మూడు గంటలకు: ఒక రొయ్యల రైతుతో పద్నాలుగు నెలలు

నేను పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరిని. మా విశ్వాసుల్లో సగం కుటుంబాలు చెరువుల మీదే బతుకుతాయి. సొంత చెరువున్నవాళ్లు కొందరు, లీజుకు చేసేవాళ్లు ఇంకొందరు, మిగతావాళ్లు మేత వేయడానికో రొయ్యల పట్టుబడికో కూలికి వెళ్లేవాళ్లు. ఇలాంటి కుటుంబాలతో కూర్చునే తోటి సేవకులకు పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. రాసింది ముందుగా ఆయనకూ ఆయన భార్యకూ చదివి వినిపించాను. ఇద్దరూ సరేనన్నారు.

వచ్చినప్పుడు

2024 జూలైలో ఆయన్ని భార్యే మా ఇంటికి తీసుకొచ్చింది. వయసు 47. ఆరెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామి రకం రొయ్య వేస్తున్నారు. నిద్ర లేదు. పిల్లల మీద అరుపులు. ఛాతీ పట్టేసినట్టు ఉంటోందంటారు గానీ డాక్టరు దగ్గరికి వెళ్లరు. ఆదివారం ఆరాధనకు వచ్చినా, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే చాలు, లేచి బండి మీద చెరువుకు వెళ్లిపోతారు. ఆమె చెప్పిన మాట నాకింకా గుర్తుంది: "అయ్యగారూ, మా ఆయన ఇంట్లో ఉన్నా మా దగ్గర ఉండట్లేదండి."

ఆయన మాత్రం నవ్వి, "నాకేం లేదండి. ఈ పంట గట్టెక్కితే అన్నీ సర్దుకుంటాయి. నేను చూసుకుంటాను" అన్నారు.

ఆ రోజు నేను తొందరపడ్డాను. 127వ కీర్తన తీసి, "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు" అనే వచనం చదివాను. దేవుని మీద భారం వేసి పడుకోండి అన్నాను. ఆయన మర్యాదగా విని, లేచేటప్పుడు మెల్లగా అన్నారు: "అయ్యగారూ, చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునేనండి. నేను పడుకుంటే రొయ్య తేలిపోద్ది."

నా దగ్గర జవాబు లేదు. వాక్యం సరైనదే. ఆయన రాత్రి ఎలా గడుస్తుందో తెలుసుకోకుండా చేతిలో పెట్టడమే తప్పు. ఆ వారంలోనే, ఒక రాత్రి మీతో పాటు చెరువు దగ్గర ఉంటాను, రానివ్వండి అని అడిగాను.

చెరువు గట్టు మీద

అమావాస్యకు ముందు రోజులు. రొయ్య కుబుసం విడిచే సమయమని రైతులు అప్పుడు మరీ కంగారుగా ఉంటారు. షెడ్డులో నులకమంచం, ఒక జనరేటరు, మేత బస్తాలు, ఆక్సిజన్ కొలిచే మీటరు. బయట, నీటిలో గాలి కలిపే ఏరేటర్ల చక్రాలు నీళ్లను కొడుతూ ఒకటే హోరు.

ఆయన ఆ హోరులో నిద్రపోవడం అలవాటు చేసుకున్నారు. శబ్దం ఉన్నంతసేపు కునుకు పడుతుంది. కరెంటు పోయి హోరు ఆగితే, ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేస్తారు. రాత్రి రెండూ నలభైకి కరెంటు పోయింది. నాకు ఇంకా విషయం అర్థం కాకముందే ఆయన జనరేటరు దగ్గర ఉన్నారు. అది అందుకున్నాక గట్టు వెంట టార్చి వేసుకుంటూ నడిచారు. రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి చూపించారు. నాలుగైదు రొయ్యలు టప్పుమని ఎగిరాయి. ట్రేలో మేత గింజలు కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిని వేలితో నలిపి వాసన చూశారు. "తినలేదంటే ఏదో తేడా ఉందండి" అన్నారు.

మూడింటికి మీటరు 4.2 చూపించింది. నాలుగు కంటే కిందికి పోనివ్వకూడదని వాళ్ల లెక్క. పగలంతా నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే సూర్యుడు రాకముందు గంట అన్నిటికంటే గండం. ఆయన ఇదంతా నాకు పాఠం చెప్పినట్టు చెబుతుంటే, ఈయన సోమరి కాదు, అజాగ్రత్త మనిషి కాదు, చేయాల్సినదంతా చేస్తున్నాడని అర్థమైంది. మరి బరువెక్కడ ఉంది?

దాని ఆనవాలు నాలుగింటికి దొరికింది. మేత వేసే కుర్రాడు షెడ్డులోనే పడుకుని ఉన్నాడు. మూడేళ్లుగా ఈయన దగ్గరే పని. జనరేటరు వేయడం ఆ కుర్రాడికి బాగా వచ్చు. మీటరు చదవడమూ వచ్చు. అతన్ని లేపలేదేమండీ అంటే, "ఎవర్నీ నమ్మలేనండి" అన్నారు. కాసేపటికి తనే మళ్లీ, "నాన్న పోయినప్పుడు నాకు పంతొమ్మిది. ఇద్దరు చెల్లెళ్లు. అప్పట్నుంచి నేను చూసుకోకపోతే ఎవరూ చూసుకోలేదు" అన్నారు.

ఈ కేసులో నేను కనిపెట్టింది ఏమన్నా ఉంటే అది ఆ వాక్యమే. ప్రార్థన చేస్తారు, దశమభాగం ఇస్తారు, నోటితో "దేవుడే దిక్కు" అంటారు. కానీ 28 ఏళ్లుగా ఆయన లోపల నడుస్తున్న విశ్వాస ప్రమాణం వేరే ఉంది: నేను చూసుకోవాలి.

లెక్క

మూడోసారి కూర్చున్నప్పుడు ఒక తెల్ల కాగితం ఇచ్చి, అప్పులన్నీ రాయమన్నాను, భార్య ఎదుటే. నలభై నిమిషాలు పట్టింది. మేత కొట్టులో 11 లక్షల 40 వేలు. బ్యాంకులో ఆమె బంగారం మీద 5 లక్షల 60 వేలు. బంధువుల దగ్గర 3 లక్షలు. నాలుగో గీత దగ్గర పెన్ను ఆగిపోయింది. ప్రైవేటుగా మూడు రూపాయల వడ్డీకి 9 లక్షలు. అంటే నెలకు 27 వేలు వడ్డీయే. మొత్తం 29 లక్షలు. ఆ తొమ్మిది లక్షల సంగతి ఆమెకు తెలియదు.

ఆమె ఏడవలేదు. "ఇది దేనికి తీసుకున్నారు?" అని అడిగింది. మందులకు కొంత, పోయిన పంట నష్టానికి కొంత అని, తలవంచుకుని, "రెండు లక్షలు గుడి స్లాబుకి" అన్నారు.

ఇక్కడ నా సంగతి రాయాలి, లేకపోతే ఈ కేసు నిజం కాదు. ఆ స్లాబు మా మందిరానిదే. కానుక ప్రకటించిన ఆదివారం ఆయన పేరు మైకులో చదివింది నేనే. ఇచ్చేవాళ్లను దేవుడు రెండింతలు చేస్తాడని ఆ రోజు బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు చెబుతుంటే ఆమేన్ అన్నదీ నేనే. ఆయన ఎక్కడినుంచి తెచ్చారో ఒక్కసారి కూడా అడగలేదు. మందిరం పనికి ఎప్పుడు డబ్బు తక్కువైనా నా కళ్లు ముందు ఆయన వైపే వెళ్లేవి. దేవుడే సమకూరుస్తాడని ప్రసంగాలు చేస్తూ, నేను ఆ రైతు మీద ఆధారపడ్డాను.

సంఘ పెద్దలతో మాట్లాడి ఆ రెండు లక్షలు తిరిగి ఇచ్చేయాలని తీర్మానించాం. కానుక వెనక్కి ఇవ్వడం ఎక్కడైనా ఉందా అని ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు. అప్పు తెచ్చిన డబ్బు ఆయనది కాదు, వడ్డీ వ్యాపారిది అన్నాను. నాలుగు నెలల్లో ఇచ్చేశాం. మందిరం పైఅంతస్తు ఇప్పటికీ ఇనుప చువ్వలతో అలాగే ఉంది.

అప్పుల లెక్క రాసిన రోజే ఆయన నోట ఇంకో మాట దొర్లింది. "నాకు ఇన్సూరెన్స్ ఉందండి, వీళ్లకేం ఇబ్బంది ఉండదు." ఇలాంటి మాట వింటే దాటేయకండి. నేను సూటిగా అడిగాను: "చనిపోవాలని అనుకుంటున్నారా?" రెండుసార్లు అనుకున్నానని చెప్పారు. ఆ సాయంత్రమే షెడ్డులో ఉన్న చెరువు మందుల డబ్బాలన్నీ బావమరిది తన ఇంటికి తీసుకెళ్లి తాళం వేశాడు. రెండు వారాలు ఆయన రాత్రి ఒంటరిగా ఉండకుండా చూశాం. మర్నాడే భీమవరంలో డాక్టరుకు చూపించాం. బీపీ 170/100. మాత్రలు మొదలయ్యాయి. మానసిక వైద్యుడి దగ్గరికీ వెళ్లారు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీమానస్ ఫోన్ నంబరు 14416 ఆయన ఫోన్లోనూ భార్య ఫోన్లోనూ సేవ్ చేయించాను. ప్రార్థనకు ఇవేవీ అడ్డు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువన్నట్టు మాట్లాడే సేవకులు ఇంకా ఉన్నారు, వాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాను, అలా చేయకండి.

ఏం బోధించాను

మా ప్రాంతంలో విశ్వాస సేవ అనగానే ముసలివాళ్లు విలియం బౌడెన్, జార్జ్ బీర్ పేర్లు చెబుతారు. 1836లో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లాండు నుంచి బయల్దేరి వచ్చి, నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సువార్త పనిచేసినవాళ్లు. ఏ మిషనరీ సొసైటీ జీతమూ లేకుండా వచ్చారు. ఆ గ్రోవ్స్ చెల్లెలు మేరీయే బ్రిస్టల్‌లో అనాథ శరణాలయాలు నడిపిన జార్జ్ ముల్లర్ భార్య. కాబట్టి ముల్లర్ మాకు పుస్తకాల్లో మనిషిలా కాక, చుట్టరికం ఉన్నవాడిలా అనిపిస్తాడు.

ముల్లర్ గురించి పిల్లలకు కూడా తెలిసిన కథ, పొద్దున తిండి లేనప్పుడు రొట్టెలవాడూ పాలబండీ గుమ్మంలోకి రావడం. నేను ఈయనకు ఆ కథ చెప్పలేదు. అప్పుల్లో ఉన్నవాడికి అది చెబితే, రేపు పొద్దున నా గుమ్మంలోకి 29 లక్షలు వస్తాయని ఎదురుచూస్తాడు. రాకపోతే దేవుణ్ణీ తననూ కలిపి తిట్టుకుంటాడు. నేను చెప్పినవి వేరే రెండు సంగతులు.

మొదటిది, శరణాలయం ఎందుకు పెట్టాలనుకున్నాడో ముల్లరే రాసుకున్న కారణం. ఆయన ఒక విశ్వాసిని చూడ్డానికి వెళ్లాడు. ఆ మనిషి రోజుకు 14 నుంచి 16 గంటలు పనిచేస్తున్నాడు. ఒళ్లు పాడైంది, ఆత్మ ఎండిపోయింది. కొంచెం తగ్గించుకో అంటే, ఇప్పుడే చాలడం లేదు, తగ్గిస్తే నా కుటుంబం ఎలా బతుకుతుంది అన్నాడు. ముల్లర్ ఇచ్చిన జవాబు భావం, నీ కుటుంబాన్ని పోషిస్తున్నది నీ పని కాదు, ప్రభువు అని. ఇలాంటివాళ్లు కళ్లతో చూడగలిగే రుజువు ఒకటి ఉండాలన్న కోరిక శరణాలయం వెనక ఉంది. 1836లో అద్దె ఇంట్లో మొదలైంది, 1870 నాటికి ఆష్లీ డౌన్‌లో ఐదు పెద్ద భవనాలు, 2,050 మంది పిల్లలకు చోటు. ఎవరినీ విరాళం అడగలేదు. ఆ 14 గంటల మనిషి గురించి చెబుతున్నప్పుడు మా రైతు నా ముఖం చూడ్డం మానేసి గోడ వైపు చూస్తూ ఉండిపోయారు.

రెండోది, ముల్లర్ డబ్బు అడగలేదు గానీ లెక్క దాచలేదు. ప్రతి ఏడూ వచ్చిందెంత, ఖర్చెంత అని అచ్చు వేసి బయటపెట్టేవాడు. అప్పు చేసి సరుకు తెచ్చేవాడు కాదు. మనవాళ్లు ముల్లర్‌లో "ఎవరికీ చెప్పకపోవడం" అనే ఒక్కదాన్నే పట్టుకుంటారు. మా రైతు కూడా ఎవరికీ చెప్పలేదు. అయితే ముల్లర్ చెప్పకపోవడానికీ ఈయన దాచడానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. ముల్లర్ చెప్పకపోవడం దేవుని మీద నమ్మకంతో. ఈయన దాచింది పరువు కోసం, నేను చూసుకుంటాననే మాట నిలబెట్టుకోవడం కోసం. అందుకే ఈయనకు "ఎవరికీ చెప్పకుండా ప్రార్థన చేయండి" అనే సలహా విషం అవుతుందని నాకనిపించింది.

ఆయనకు బాగా ఎక్కిన వాక్యభాగం రాజులు రెండో గ్రంథం నాలుగో అధ్యాయం. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని బానిసలుగా తీసుకుపోవడానికి వస్తున్నాడని విధవరాలు ఎలీషా ప్రవక్తతో మొరపెట్టుకుంటుంది. ఎలీషా ముందుగా, నీ ఇంట్లో ఏముంది అని అడుగుతాడు. నూనె కుండ ఒకటి. తర్వాత ఇరుగుపొరుగు దగ్గరికి వెళ్లి ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమంటాడు, కొంచెం కాదు, ఎక్కువే తెచ్చుకోమంటాడు. పాత్రలన్నీ నిండి, ఇంకోటి లేనప్పుడు నూనె ఆగింది. నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి అన్నాడు.

ఈ భాగం మీద మేము మూడు వారాలు కూర్చున్నాం. నేను ఆయన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆవిడ పాత్రలు అడగడానికి వెళ్లినప్పుడు ఊళ్లో ఏమనుకుని ఉంటారు? ఆయన చాలాసేపు ఆలోచించి, "అప్పులపాలైందని అందరికీ తెలిసిపోయుంటదండి" అన్నారు. దేవుడు ఇవ్వడానికి ముందు ఆవిడ ఖాళీ చేతులతో పక్కింటి గుమ్మం తొక్కాల్సి వచ్చింది.

ఏం చేశారు

ఆయన్ని సాగు మానేయమని నేను అనలేదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం, మన్నా, కురిసినప్పుడు కూడా పొద్దున్నే లేచి ఏరుకోవాలి. ఎండెక్కితే కరిగిపోతుంది. అయితే రేపటికని దాచింది పురుగు పట్టింది, ఏడో రోజు ఏరడానికి వెళ్లినవాళ్లకు ఏమీ దొరకలేదు. పని ఉంది, దానికో హద్దు ఉంది. ఆ హద్దు ఎక్కడో ఆయనే నిర్ణయించుకోవాలన్నాను.

ఆయన నిర్ణయించుకున్నవి: పంట అయ్యాక ఆరెకరాల్లో నాలుగు వదిలేయడం. టౌన్లో కూతురి పెళ్లికని కొన్న స్థలం అమ్మేయడం. 14 లక్షలు వచ్చాయి. సంఘం తిరిగి ఇచ్చిన రెండు లక్షలకు ఇందులోంచి ఏడు కలిపి వడ్డీ అప్పు పూర్తిగా కట్టేశారు. మిగతా ఏడు మేత కొట్టుకు ఇచ్చి, బాకీ 4 లక్షల 40 వేలని రాయించుకున్నారు. ఇకమీదట మేత అరువు తెచ్చుకోకూడదు, చేతిలో డబ్బుకు తగ్గట్టే సీడ్ (రొయ్య పిల్లలు) వేయాలి. వారంలో మూడు రాత్రులు చెరువు కుర్రాడిది, ఆ రాత్రులు ఈయన ఇంట్లో పడుకోవాలి.

చివరిది అన్నిటికంటే కష్టమైంది. మొదటి రాత్రి ఇంట్లో పడుకుని ఆరుసార్లు ఫోన్ చేశారట. మూడో వారానికి రెండుసార్లు. ఒక రాత్రి కుర్రాడు నిద్రపోయి జనరేటరు వేయడం ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. కొంత రొయ్య పోయింది. మర్నాడు ఆయన నా దగ్గరికి వచ్చి, "చూశారా అయ్యగారూ" అన్నారు. మీరున్న రాత్రుల్లో ఎప్పుడూ పోలేదా అని అడిగాను. పోయింది. అది కూడా కాగితం మీద రాసుకున్నాం.

ఇంకో సంఘటన నేను కళ్లారా చూశాను. సంక్రాంతి ముందు ఆయన చిన్న చెల్లెలు ఆటోలో రెండు బస్తాల బియ్యం వేసుకుని వచ్చింది, వాళ్ల పొలంలో సార్వా పంట. అన్నయ్య అప్పుల సంగతి వదినే చెప్పింది. ఈయన గుమ్మంలో నిలబడి, బస్తాలు దించొద్దని ఆటో అబ్బాయికి చెయ్యి అడ్డం పెట్టారు. "నీ పెళ్లి చేసింది నేను. నీ దగ్గర బియ్యం తీసుకుంటానా?" చెల్లెలు ఆటో దిగి, కొంగు నడుముకు దోపి, తనే బస్తా లాగడం మొదలెట్టింది. "పెళ్లి చేశావు కాబట్టే తెచ్చాను అన్నయ్యా, పక్కకు తప్పుకో" అంది. ఆయన తప్పుకున్నారు. పెరట్లోకి వెళ్లి బోరింగు దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను గానీ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి ఆయనే, "ఖాళీ పాత్ర అంటే ఇదేనా అండి" అన్నారు.

తర్వాత

2025 వేసవి పంట రెండెకరాల్లో బాగా వచ్చింది. మేత కొట్టుకు రెండున్నర లక్షలు కట్టారు. జూలైలో మళ్లీ సీడ్ వేశారు. ఆగస్టులో తెల్లమచ్చ (వైట్ స్పాట్) తెగులు వచ్చింది. దానికి మందు లేదు. 45 రోజుల పంటను ఉన్నపళంగా పట్టేయాల్సి వచ్చింది, రొయ్య ఇంకా చిన్నదే. అదే నెలలో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది, రేట్లు పడిపోయాయి. విశ్వాసం పెట్టాక పంట పండిందని రాయగలిగితే నాకూ సంతోషమే. అలా జరగలేదు.

జరిగింది ఇది. పట్టుబడి రోజు సాయంత్రం ఆయన లెక్క తీసుకుని నేరుగా ఇంటికి వెళ్లి భార్య ముందు పెట్టారు. నష్టం వచ్చింది గానీ అప్పు పెరగలేదు, మేత అరువు తేలేదు కాబట్టి. ఆ రాత్రి పడుకున్నారు. నాకు ఫోన్ చేసి, "పోయిందండి. ప్రార్థన చేయండి" అన్నారు. గొంతులో ఏడుపు ఉంది, కంగారు లేదు. పద్నాలుగు నెలల్లో నేను విన్న ఆయన మాటల్లో "నేను చూసుకుంటాను" అనేది లేని మొదటి ఫోన్ అదే.

ఇంకా పదిన్నర లక్షల బాకీ ఉంది. బంగారం బ్యాంకులోనే ఉంది. కూతురికి సంబంధాలు చూస్తున్నారు, స్థలం లేదు, ఆ దిగులు తల్లికి ఎక్కువగా ఉంది. ఆమెతో నేను విడిగా కూర్చోవడం ఆలస్యం చేశాను, అది నా లోపం. ఇప్పుడు నా భార్య ప్రతి బుధవారం వెళ్తోంది. బీపీ మాత్రలు కొనసాగుతున్నాయి.

మొన్న ఆదివారం సందేశం మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. అలవాటుగా నా కళ్లు ఆయన కూర్చునే మూడో వరుస వైపు వెళ్లాయి. ఆయన జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నారు. చెరువు కుర్రాడి దగ్గర నుంచి మెసేజ్ వచ్చినట్టుంది. ఫోన్ జేబులో పెట్టి, బైబిలు అట్టతో పక్కనున్న పిల్లాడికి విసురుతూ కూర్చున్నారు.

వచ్చే శుక్రవారం మళ్లీ కలుస్తున్నాం. కొత్త సీడ్ వేయాలా, ఈ సీజను వదిలేయాలా అన్నది మాట్లాడాలి. భార్యను కూడా తీసుకొస్తానన్నారు.